పటంలో లేని దారి

ఎమ్మారై స్కానింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఈమధ్య మా ఇంటికి వస్తున్నారు. రిటైరైపోయింది కాబట్టి ఈవిడకు పనేముంటుందిలే అని వాళ్ళ ధీమా. వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు ఫోన్ తీసి ఒక బొమ్మ చూపిస్తారు. నల్లటి తలకాయలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు దారాలు నెమలి పింఛంలా విచ్చుకుని ఉంటాయి. "ఇవి మీరు చేసేవారట కదా మేడమ్, ఎంత బాగుందో చూడండి" అంటారు. బాగుండడమే దానికున్న జబ్బు అని నేనంటే నవ్వుతారు. నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఈసారి నోటితో చెప్పడం మానేసి రాసి ఇస్తున్నాను.

నేను పనిచేసింది సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో. ఎక్స్‌రేతో మొదలుపెట్టి, సీటీ నేర్చుకుని, చివరి పదేళ్ళూ ఎమ్మారై గదిలో గడిపాను. యజమాని కూడా రిపోర్టులు రాసే డాక్టరే. మిర్యాలగూడలో, కోదాడలో ఆయనకు చిన్న సెంటర్లు ఉండేవి. వారంలో ఒక్కోరోజు ఒక్కోచోటికి కారేసుకుని తిరిగేవారు. చెడ్డ మనిషి కాదు. కొత్త వస్తువు కనబడితే ఆగలేని మనిషి. మెదడులోని దారులను గీసే సాఫ్ట్‌వేర్ కొన్నదీ అలాగే. కంపెనీ నుంచి వచ్చినతను రెండు రోజులు నేర్పి వెళ్ళిపోయాడు. మూడోరోజు అనుమానం వచ్చి ఫోన్ చేస్తే, "మాన్యువల్లో ఉంది మేడమ్" అన్నాడు. మాన్యువల్ బీరువాలో ఉంది. బీరువా తాళం డాక్టరు గారి దగ్గరుంది. డాక్టరు గారు కోదాడలో ఉన్నారు. మా సెంటర్లో ఏ పనైనా ఇంతే.

ఈ చదువు చదవనివాళ్ళ కోసం కూడా రెండు ముక్కలు చెప్తాను. మెదడు పైపొర బూడిద రంగులో ఉంటుంది. లోపల తెల్లగా కనిపించేదంతా తీగల కట్టలు. చెయ్యి కదపాలన్న కబురు పైన బయల్దేరి ఆ తీగల వెంట కిందికి దిగి వెన్నులోకి పోతుంది. కుడివైపు తీగలు ఎడమ చేతికీ కాలికీ, ఎడమవైపువి కుడి చేతికీ కాలికీ. ఈ తీగలు యంత్రానికి కనిపించవు. వాటి వెంట నీటి కదలిక ఎటు ఎక్కువుందో మాత్రం అది కొలుస్తుంది. నీళ్ళు ఇటు పోతున్నాయి కాబట్టి కాలువ ఇటే ఉండాలి అని ఊహించి గీత గీస్తుంది. కిందికి దిగే దారులకు నీలం రంగు వేస్తుంది. అంటే మనం సర్జన్ చేతిలో పెట్టేది రంగులు వేసిన ఊహ. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, హాయిగా మరిచిపోయాను.

ఆమెది వేములపల్లి దగ్గర ఊరు. నలభై అయిదేళ్ళుంటాయి. నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. చలికాలపు యాసంగి నాట్లు ముమ్మరంగా సాగుతున్నప్పుడు పొలంలోనే ఎడమచెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలైందట. చూస్తుండగానే మనిషి బురదలో పడిపోయింది. మిర్యాలగూడలో ఫిట్స్ అని మందులిచ్చి, తల స్కాన్ తీస్తే కుడివైపు గడ్డ బయటపడింది. ప్రతి శనివారం హైదరాబాదు నుంచి కోదాడకు వచ్చి రోగులను చూసే మెదడు సర్జన్ ఒకాయన ఆపరేషన్ చెయ్యాలన్నారు. దానికి ముందు ఎడమ చేతికీ కాలికీ పోయే దారులు గడ్డకు ఎటువైపున్నాయో పటం కావాలని ఆమెను మా దగ్గరికి పంపారు.

మంగళవారం తోటికోడలిని, వాళ్ళ మాటలో యారాలిని, వెంటబెట్టుకుని వచ్చింది. కాలి మెట్టెలు తీయడానికే సబ్బునీళ్ళు పోసి నేనూ తోటికోడలూ కుస్తీ పట్టాం. ఆ సేపంతా ఆమె మాట్లాడుతూనే ఉంది.

"ఎంతసేపు పండాలె మేడమ్?"

"ఇరవై నిమిషాలు. అస్సలు కదలకూడదు."

"నేను కదలకుండ ఉన్నది పదేండ్ల వయసు సంది లేదు. నిద్రల గూడ కాళ్ళాడిస్త అని మా ఆయన తిడతడు."

"ఇరవై నిమిషాలే కదమ్మా. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకో."

"ఏ దేవుణ్ణి తలిచినా వంగి మొక్కాలె గద."

తోటికోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బయట ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. అందులో ఒకాయనకు మోకాలి నొప్పి, ఆయన బావమరిది ఊళ్ళో లీడరు. మా డాక్టరు గారు ఐదు నిమిషాలకోసారి తలుపు తీసి నా మొహం చూసి పోతున్నారు.

ఎమ్మారై లోపల చప్పుడు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ చప్పుడులో ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఆమెకు వినబడిందట. తలెత్తింది. మైకులో బతిమాలాను. పడుకుంది. కాసేపటికి మళ్ళీ తలెత్తి, "ఇంకోపాలి పిలుస్తుండ్రు, జర సూడు మేడమ్" అంది. అలా నాలుగుసార్లయింది. అయ్యాక తెరమీద చూసుకుంటే తీసిన చిత్రాల్లో చాలా పాడయ్యాయి. మళ్ళీ మొదటినుంచి తీయాలి. అదే పద్ధతి. అంతలో సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది, పాడైనవి తీసేసి మిగిలినవాటితో గీయమంటారా అని. తలుపు సందులోంచి మా డాక్టరు గారు, "ఏమ్మా, అయిందా? మోకాలాయన గొడవ చేస్తున్నాడు" అన్నారు.

నేను 'అవును' నొక్కాను.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. గడ్డ వెనకవైపు సన్నటి నీలం పాయ ఒకటి కిందికి దిగుతోంది. గడ్డ ముందువైపు ఏమీ లేదు, ఖాళీ. మా డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయారు. రిపోర్టులో, "ముందువైపు దారి నశించినది, వెనకవైపు సన్నటి దారి మాత్రమే మిగిలినది" అని రాశారు. కనిపించలేదు అని రాయాలి. నశించింది అని రాశారు. తీసిన వాటిలో చాలా పాడయ్యాయన్న మాట రాయలేదు, ఎందుకంటే నేను చెప్పలేదు. సాయంత్రానికల్లా సర్జన్‌కు పంపించారు. ముందువైపు కాపాడవలసింది ఏమీ లేదు కాబట్టి అటునుంచే గడ్డను అందుకుంటానని, సోమవారం ఆపరేషన్ అని ఆయన కబురు పెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం ఫిల్ములు, సీడీ తీసుకుపోవడానికి తోటికోడళ్ళిద్దరూ వచ్చారు. రిసెప్షన్లో కనబడితే మర్యాదకు పలకరించాను.

"ఎడమచేతిలో పట్టు ఏమన్నా తగ్గిందా అమ్మా?"

"ఎవలన్నరు తగ్గిందని? పొద్దుగాల ఒక మడి నాటేసే వచ్చిన."

ఫిట్స్ వచ్చిన మనిషి నీళ్ళలోకి దిగకూడదని నాలుగు చోట్ల చెప్పించుకుంది. తోటికోడలు విసుగ్గా, "చెప్తే ఇంటదా మేడమ్. సోమారం ఆపరేషన్ పెట్టుకొని ఇయ్యాల బురదల దిగింది. నేను లేకుంటే లైన్లు వంకర పోతయ్ అంటది" అంది.

"పోవా మరి?" అందామె.

నేను బడిపంతులు గారి కూతుర్ని, సూర్యాపేట బజారులో పెరిగినదాన్ని. అన్నం తినడమే గాని నాటు ఎలా వేస్తారో దగ్గరనుంచి చూడలేదు. ఆ మాటంటే ఆమె జాలిపడి, కౌంటర్ మీదున్న టోకెన్ చీటీల కట్ట ఎడమచేత్తో తీసుకుంది.

"ఇది నారు కట్ట అనుకో. ఎడమచేతిల ఉంటది. బొటనవేలు సూడు. ఇది తోస్తది. మూడు పోసలు, మూడంటే మూడే. కుడిచెయ్యి గుంజుకొని బురదల గుచ్చుతది. ఎడమచెయ్యి లెక్క తప్పితే నాటు ఖరాబైతది."

చెప్తూ చెప్తూ తోటికోడలి వైపు తిరిగి బస్సు సంగతి అడుగుతోంది. బొటనవేలు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. చీటీలు కౌంటర్ మీద పడుతున్నాయి. మూడు. మూడు. మళ్ళీ మూడు. రిసెప్షన్ అమ్మాయి, "అయ్యో, టోకెన్లన్నీ కలిసిపోతున్నాయి మేడమ్" అని మొత్తుకుంటోంది. నేను ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. మేము గీసిన పటం ప్రకారం ఆ చేతికి కబురు తీసుకుపోయే దారి లేదు. వెనక మిగిలిన సన్నటి పాయ కాలికి పోయేదని పుస్తకం చదివిన ఎవరికైనా తెలుసు. మరి ఆ వేలికి ఎవరు చెప్తున్నారు మూడు తొయ్యమని?

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గడ్డ చుట్టూ వాపు ఉంది. వాపంటే నీరు చేరడమే. నీరు నిలిచిన చోట అది ఎటు కదులుతోందో సరిగా తెలియదు, తెలియనిచోట సాఫ్ట్‌వేర్ గీయడం ఆపేస్తుంది. ఎక్కడ ఆపాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. కంపెనీ అతను పెట్టిపోయిన అంకెను మేము ఇంతవరకు ముట్టుకోలేదు. కొంచెం తగ్గించాను. గడ్డ ముందువైపు నీలం పాయ లేచింది. ఇంకొంచెం తగ్గిస్తే లావైంది. ఇంకా తగ్గిస్తే చెవిలోంచి కూడా దారులు పుట్టుకొచ్చాయి. అంటే ఏది నిజమో, ఏది యంత్రం కల్పించిందో ఆ పాడైన స్కానుతో తేల్చలేం. మళ్ళీ తీయవలసిందే.

మా డాక్టరు గారి గదిలోకి పోయి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అంకె తగ్గిస్తే ఏదైనా వస్తుందమ్మా. నువ్వే అంటున్నావు చెవిలోంచి వచ్చిందని."

"అందుకే మళ్ళీ తీద్దామంటున్నా సార్. మొదటిసారి కదిలింది. చాలా పాడయ్యాయి."

"ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్పలేదు సార్. తప్పే."

"ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? సంతకం పెట్టి పంపిన రిపోర్టు. ఆపరేషన్ డేటు ఇచ్చేశారు. ఇప్పుడు మాది తప్పు అంటే రేపటినుంచి ఆ సర్జన్ మనకు ఒక్క కేసు పంపిస్తాడా?" కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మిగిలిన దారితోనే మెదడు సర్దుకుని ఉంటుంది. అలాంటివి జరుగుతాయి."

జరుగుతాయి. అదే చిరాకు. ఆయన అన్నది పూర్తిగా అబద్ధమైతే నాకు సులువుగా ఉండేది. నాకింకా ఏడాదికి పైగా ఉద్యోగం ఉంది. గదిలోంచి బయటకొచ్చి సర్జన్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. చూడలేదు. మళ్ళీ చేస్తే బిజీ. సాయంత్రం వరకు అదే తంతు.

శనివారం మా డాక్టరు గారు మిర్యాలగూడ వెళ్ళే రోజు. బుద్ధి తెలిసి నా ఉద్యోగంలో నేను దొంగతనంగా చేసిన పని అదొక్కటే. శుక్రవారం రాత్రే ఆమెకు ఫోన్ చేసి, పొద్దున మొదటి బస్సుకు రమ్మన్నాను.

"మల్ల తీస్తరా? నా తలకాయ మీకు ఆటబొమ్మ అయిందా మేడమ్?"

"మొదటిసారి సరిగా రాలేదమ్మా."

"ఫిలుములు ఇచ్చిండ్రు గద, రంగురంగులవి. మా ఊర్ల అందరికి సూపిచ్చిన."

వాపుకు నీళ్ళు నిండి దారి కనబడలేదని, కనబడనిదాన్ని లేదని రాశామని నిజమే చెప్పాను.

"మడి నిండి గట్టు మునిగిందనుకో మేడమ్. మునిగితే గట్టు లేదంటరా ఎవలన్న?"

"మేము అన్నాం."

"మంచిగనే సదివిండ్రు" అని ఫోన్ పెట్టేసింది.

తెల్లవారి ఎనిమిదింటికి వచ్చారు. ఈసారి తల చుట్టూ మెత్తలు బిగించాను. తోటికోడలి ఒంటిమీది లోహమంతా తీయించి లోపల ఆమె పాదాలు పట్టుకుని నిలబడమన్నాను. స్కాన్ మొత్తం ఒక్కసారి కాకుండా నాలుగు ముక్కలుగా చేశాను. ముక్క ముక్కకూ మధ్య ఆమెను మాట్లాడనిచ్చాను. పిలుపు వినబడితే అది యంత్రమేనని, నేను పిలిస్తే ముందు చప్పుడు ఆగుతుందని చెప్పాను. ఇంతా కలిపి ముప్పావుగంట పట్టింది. ఆమె ఒక్కసారి కూడా కదల్లేదు.

లేచి కూర్చుని, "మొదటిపాలే గిట్ల చేస్తే అయిపోవు గద" అంది.

నేను మెత్తలు తీసి పక్కన పెట్టి తెర ముందు కూర్చున్నాను.

కంపెనీ అంకెను అలాగే ఉంచి గీయించాను. గడ్డ ముందువైపు నీలం పాయ వచ్చింది. వాపు ఉన్న దగ్గర పలచబడింది గాని తెగలేదు. వంగి, గడ్డను ఆనుకుని, చేతికి పోయే దారి ఎక్కడ ఉండాలో అక్కడినుంచే దిగుతోంది. సర్జన్ కత్తి పెట్టబోయే దారిలోనే ఉంది.

అంతలో మిర్యాలగూడ నుంచి ఫోన్. రిసెప్షన్ అమ్మాయి ముందే చెప్పేసింది.

"ఎవరిని అడిగి తీశావు?"

"ఎవరినీ అడగలేదు సార్. ముందువైపు దారి ఉంది. మీరొకసారి చూసి రిపోర్టు మార్చండి."

"సోమవారం చూస్తాను."

"సోమవారం ఆపరేషన్ సార్."

"నేనిక్కడ పేషెంట్లతో ఉన్నాను. నాకు చెప్పకుండా ఏదీ బయటికి పోకూడదు" అని పెట్టేశారు. బయటికి పోకూడదన్నది స్కానో, నేనో ఆయన స్పష్టంగా చెప్పలేదు. నేను స్కాన్ సీడీలోకి ఎక్కించి బ్యాగులో వేసుకుని ఆ ఇద్దరితో కలిసి కోదాడ బస్సెక్కాను.

ఆ బస్సు ప్రయాణం గురించి రాయాలంటే ఇంకో పుస్తకం అవుతుంది. ఆమె బస్సులో సగం మందికి తన గడ్డ సంగతి చెప్పింది. మునగాల దాటేసరికి ఒకావిడ నాటు వైద్యం చెప్పింది, ఒకాయన నా వైపు చూసి, "ఈ స్కాన్లన్నీ దందా" అన్నాడు. కండక్టర్ కూడా తల ఊపాడు. ఆమెకు చెయ్యి పోకుండా చూస్తామని మాత్రం రెండుమూడుసార్లు చెప్పి, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సర్జన్ చూసేది మందుల షాపు పైన రెండు గదుల్లో. మెట్లమీద దాకా జనం. బల్ల దగ్గర కాంపౌండర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"టోకెన్ ఉందాండీ?"

"నేను పేషెంటును కాదు. సూర్యాపేట స్కానింగ్ నుంచి వచ్చాను. డాక్టరు గారితో రెండు నిమిషాలు మాట్లాడాలి."

"అందరూ రెండు నిమిషాలే అంటారండీ. తలనొప్పా, నడుమునొప్పా?"

"నాకేం నొప్పి లేదు."

"అయితే చివర్లో పంపిస్తాను, కూర్చోండి" అని నా పేరు రాసి, ఎదురుగా తలనొప్పి అని రాసుకున్నాడు. అతను అబద్ధం రాశాడని కూడా అనలేను. అప్పటికి నిజంగానే నొప్పి మొదలైంది.

గంటన్నర కూర్చున్నాం. చివరకు మా మనిషి లేచి కాంపౌండర్ ముందు నిలబడి, "సారు సోమారం నా తల కోస్తడు. కోసేముందు ఓపాలి సూస్తడా, కోసినంక సూస్తడా అడిగి రాపో" అంది. కాంపౌండర్ లోపలికి వెళ్ళి వచ్చి తలుపు పట్టుకున్నాడు.

సర్జన్ సన్నటి మనిషి. మాట తక్కువ. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆపి, "రిపోర్టు వచ్చింది కదా" అన్నారు.

"అది తప్పు సార్. తప్పు నాది. ఆ రోజు ఆమె కదిలితే మళ్ళీ తీయకుండా పంపించాను. పొద్దున మళ్ళీ తీశాను."

"దీనికి రిపోర్టు ఏది?"

"లేదు సార్. మా డాక్టరు గారు ఇంకా చూడలేదు."

"అంటే టెక్నీషియన్ మాట మీద నేను ప్లాన్ మార్చుకోవాలి."

"నా మాట మీద వద్దు సార్. స్కాన్ చూడండి. ఆమె చెయ్యి చూడండి."

ఆయన నన్ను చూసిన చూపు మీలో ఎవరికీ పడకూడదు. అయినా సీడీ తీసుకుని లాప్‌టాప్‌లో పెట్టారు. రంగుల బొమ్మ జోలికి పోలేదు. ముడి చిత్రాలు ఒక్కొక్కటే, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు. తర్వాత పాత స్కాన్ తీసి పక్కన పెట్టారు. ఆమెను దగ్గరికి పిలిచి ఎడమ బొటనవేలితో మిగతా వేళ్ళను వరసగా తాకమన్నారు. ఆమె ఎంత వేగంగా తాకిందంటే ఆయన, "మెల్లగా" అన్నారు.

"మెల్లగ చేస్తే కూలి గిట్టదు సార్" అందామె.

ఆయన నా వైపు తిరిగి, "మొదటి దాంట్లో పాడైనవి ఎన్నో ఎందుకు రాయలేదు?" అన్నారు.

"రాయలేదు సార్."

"ఎందుకని అడిగాను."

"బయట జనం ఉన్నారు సార్. తొందరలో వదిలేశాను."

"ఇక్కడ కూడా బయట జనం ఉన్నారు" అని, కాగితం తీసి పాత ప్లాన్ కొట్టేశారు.

ఆపరేషన్ సోమవారమే హైదరాబాదులో జరిగింది. ముందునుంచి కాకుండా వెనక పక్కనుంచి వెళ్ళారు. అటు దారి ఇరుకు. గడ్డ మొత్తం రాలేదు, కొంత వదిలేశారు. అది నెమ్మదిగా పెరిగే రకమని, కనిపెట్టుకుని ఉంటే చాలని తర్వాత తేలింది.

మా డాక్టరు గారు నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. ఏం కావాలన్నా చీటీ రాసి పంపేవారు. తర్వాత సర్జన్ ఆయనకు ఫోన్ చేసి, మీ సెంటర్ వాళ్ళు జాగ్రత్తగా ఉంటారు అని మెచ్చుకున్నారట. మర్నాడు చూస్తే రెండో స్కాన్ బొమ్మ, ఆమె పేరు తీసేసి, రిసెప్షన్లో ఫ్రేము కట్టించి ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయనే స్వయంగా వివరించేవారు, అనుమానం వచ్చి మళ్ళీ తీయించామని. తీయించామట. నేను వింటూ నా గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజునుంచి మాత్రం పాడైనవి ఎన్ని అన్న లెక్క ప్రతి రిపోర్టులోనూ ఉండాలని, 'నశించినది' అన్న మాట నా గదిలోంచి బయటికి పోదని చెప్పాను. ఆయన ఔనని గాని కాదని గాని అనలేదు. లెక్క రాయడం మాత్రం మొదలుపెట్టారు.

ఆరు నెలలకు, వానాకాలం నాట్లప్పుడు, ఆమె చెక్ స్కాన్‌కు వచ్చింది. నేను సంతోషంగా ఎదురు వెళ్ళాను, ఒక మంచి మాట వింటానని. చెయ్యి చక్కగా ఉంది. ఎడమ కాలు మాత్రం ఈడుస్తోంది. వెనక దారి నుంచి వెళ్ళినందుకు కాలి తీగలు నలిగాయి.

"చెయ్యి దక్కింది కదమ్మా" అన్నాను.

"చెయ్యి ఒక్కటి ఉంటే సాలుతదా మేడమ్? నాటంటే బురదల నిలబడాలె. ఎనకకు అడుగేసుకుంట పోవాలె. ఈ కాలు బురదల దిగవడితే గుంజుకోనీకి వస్తలేదు. గట్టు మీద కూసొని మా యారాలు ముఠాను ఖరాబు చేస్తుంటే సూస్తున్న." ఆమె గొంతు ఎప్పటిలా లేదు. "నువ్వు ఆ పొద్దు బస్సుల చెయ్యి చెయ్యి అంటివి. కాలు సంగతి ఒక్క ముక్క చెప్పకపోతివి."

చెప్పలేదు. నాకు తోచలేదు. అన్నీ పోకుండా కొంతే పోయిందని సరిపెట్టుకోవడం స్కాన్ గదిలో కూర్చున్నవాళ్ళకు సులువు. కాలు నెమ్మదిగా వస్తుందని సర్జన్ అన్నారని చెప్పాను. "అనుడుకేముంది" అని మొహం తిప్పుకుంది.

తర్వాతెప్పుడో ఇంకో కేసు పని మీద కోదాడ వెళ్ళినప్పుడు సర్జన్‌ను అడిగాను. చాలా రోజులుగా లోపల నలుగుతున్న ప్రశ్న అది.

"ఆ రోజు నేను రాకపోతే ఏం చేసేవారు సార్?"

ఆయన రాస్తున్న కలం ఆపారు. "ఆపరేషన్ ముందు రోజు ఎలాగూ చెయ్యి పరీక్షిస్తాం. అనుమానం వచ్చేది. లోపల కరెంటు పెట్టి తీగలు పరీక్షించుకుంటూ పోతాం. ఆగేవాణ్ణి." కలానికి మూత పెట్టి, "అనుకుంటున్నాను" అన్నారు.

ఆ చివరి మాట అనకుండా ఉంటే నేను హాయిగా ఇంటికి పోయేదాన్ని. ఆయన నిజాయితీ గల మనిషి కాబట్టి అన్నారు. నేను బస్సెక్కిన శనివారం ఒక మనిషి చేతిని కాపాడిందో, ఒక కాలిని నలిపిందో, రెండూనో నాకు ఇప్పటికీ తెలియదు. పటాలు గీసే ఉద్యోగం చేసినదాన్ని, ఇది మాత్రం గీయలేకపోయాను. మీరు ఏదో ఒక నీతి అడుగుతారని తెలుసు. కదిలితే మళ్ళీ తీయండి. అంతకన్నా నా దగ్గర లేదు.

వానాకాలం నాట్లకు ఆమె దిగలేదు. మళ్ళీ యాసంగి వచ్చేసరికి నాకు ఉద్యోగంలో చివరి నెలలు. ఆమె రెండో చెక్ స్కాన్ తారీకు దాటిపోయింది. రాలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఎవరో ఎత్తారు. నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ మాటలు, ఎవరినో గట్టిగా కసురుతున్న ఆమె గొంతు వినబడ్డాయి. తోటికోడలనుకుంటాను, ఫోన్ తీసుకువెళ్ళి ఆమె చెవి దగ్గర పెట్టింది.

"ఎవలు? మేడమా? ఏంది?"

"స్కాన్‌కు రావాలి కదమ్మా, పదిరోజులు దాటింది. ఎక్కడున్నావు?"

"యాడుంట? మడిల ఉన్న."

"దిగావా? కాలు ఎలా ఉంది?"

"ఎట్లనో గట్ల ఉంది. అది గుంజుతనే ఉంటది, నేను నాటుతనే ఉంట. లైను జర వంకరొస్తున్నది, అగో, ఓ పిల్లా, తాడు సూసుకో." మళ్ళీ నాతో, "నాట్లు ఒడిసినంక వస్త. ఇప్పుడు నీతోని మాట్లాడనీకి చెయ్యి ఖాళీ లేదు."

నీళ్ళలోకి అలా దిగకూడదని, మందులు వేసుకుంటున్నావా అని ఇంకా అడగబోతున్నాను. పెట్టేసింది.